తొమ్మిదో నంబరు సీటు

థర్మామీటరు పాడైందనుకున్నాం.

నర్సమ్మ దాన్ని దూదితో తుడిచి మళ్ళీ అమ్మ నాలుక కింద పెట్టింది. తీసి చూసింది. తన చంకలో పెట్టుకుంది. తనకి తొంభై ఎనిమిది. నాకు పెట్టింది. నాకూ తొంభై ఎనిమిదే. మళ్ళీ తుడిచి అమ్మకి పెట్టింది.

తొంభై మూడు.

"ఇదేంటి మార్తక్కా," అంది నర్సమ్మ. "జ్వరమొస్తే పైకి పోవాలి గానీ ఇలా కిందికి రావడమేంటి?"

"నన్నడిగితే నాకేం తెలుసు," అంది అమ్మ. "కృపా, ఆ రెండో దుప్పటి కూడా ఇటియ్యి."

ఏప్రిల్ నెల. పగలు పదకొండు గంటలు. మాది రేకుల ఇల్లు. ఆ ఎండకి వాకిట్లో కోళ్ళు కూడా నోరు తెరుచుకుని పడున్నాయి. అమ్మ రెండు దుప్పట్లు మెడదాకా లాక్కుని, కాళ్ళు ముడుచుకుంది. నేను చెయ్యి పట్టుకుని చూశాను. నీళ్ళకుండని పట్టుకున్నట్టుంది.

నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఇరవై రోజుల కిందటే నా డైరీలో రాసుకున్నాను. "జడ వేస్తుంటే అమ్మ వేళ్ళు మెడకి చల్లగా తగిలాయి. ఎండాకాలం కదా, హాయిగా ఉంది." అంతే రాశాను. ఎవరికీ చెప్పలేదు. నేను మాట కూడగట్టుకునే లోపల అవతలి వాళ్ళు ఇంకో సంగతిలోకి వెళ్ళిపోతారు. అందుకే నాకు చెప్పడం కంటే రాసుకోవడం అలవాటు.

"కొత్తరేవు ఆసుపత్రికి తీసుకుపోండి. ఇప్పుడే," అంది నర్సమ్మ. "వేడిబస్సు వచ్చే టైమేగా."

*

వేడిబస్సు అనేది మా ఊరివాళ్ళు పెట్టిన పేరు.

మా చినమోటుపాలెం కాలువ గట్టు మీద ఉంటుంది. కొత్తరేవు పన్నెండు కిలోమీటర్లు. మాకు ఎప్పుడూ బస్సు లేదు. డీజిల్ ఆటోలే దిక్కు. ఆరుగురు పట్టే ఆటోలో పదిహేనుమంది వెళ్ళేవాళ్ళు. గట్టంతా నల్లపొగ. ఆటోలు కడిగే రేవు దగ్గర కాలువ నీళ్ళ మీద డీజిల్ రంగురంగులుగా తేలుతూ ఉండేది. మా నాన్న దావీదుకి కూడా అలాంటి ఆటోయే ఉండేది.

రెండేళ్ళ కిందట సైంటిస్టు సుభాషిణి మేడమ్ వచ్చి, కాలువ లాకుల దగ్గర పాత ధాన్యం గోదాములో ల్యాబ్ పెట్టింది. పోయిన సంవత్సరం ఒకరోజు ఊరందరినీ పిలిచింది. లోపల ఒక కుర్చీ, దాని మీద నల్లటి మందపాటి గుడ్డ, దానికి తగిలించిన ఒక బల్బు. అంతే.

నాన్నని కూచోమంది. నాన్న కూచోగానే బల్బు మెల్లగా వెలిగింది. లేస్తే ఆరిపోయింది. మళ్ళీ కూచుంటే వెలిగింది.

"దావీదన్నలో ఇంత వెలుగుందని మార్తక్కకైనా తెలుసా?" అన్నాడు టైలర్ మస్తాన్ బాబాయ్. అందరూ నవ్వారు.

తర్వాత మస్తాన్ బాబాయ్‌ని కూచోమన్నారు. ఆయన నూరు కిలోలుంటాడు. బల్బు కళ్ళు చెదిరేట్టు వెలిగింది.

"కుర్చీ కింద బరువు చూసే పలక ఉంది," అంది మేడమ్. "ఎవరు ఎంత బరువుంటే వాళ్ళ దగ్గర అంత వేడి తీసుకుంటుంది. ఎక్కువ బరువున్నవాళ్ళు ఎక్కువ ఇవ్వడం న్యాయం కదా. ఈ గుడ్డ చర్మం మీది వేడితో ఆగదు. లోపలి ఒంటిని తట్టిలేపి ఇంకాస్త వేడి పుట్టిస్తుంది."

"దానివల్ల మాకేమవుద్ది?" అని అడిగింది అమ్మ.

"కొత్తరేవు వెళ్ళేసరికి ఒక కిలోమీటరు నడిచినంత అలసట. ఇంటికెళ్ళి ఒక ముద్ద ఎక్కువ తింటారు. అంతే."

"నూనె పొయ్యక్కర్లేదా?"

"నూనె లేదు. పొగ లేదు. మనుషులు ఎక్కితే నడుస్తుంది, దిగితే ఆగుతుంది."

నవంబరులో బస్సు మొదలైంది. ముప్ఫై రెండు సీట్లు, అన్నిటికీ ఆ నల్లగుడ్డ. నిలబడినవాళ్ళ దగ్గర అది ఏమీ తీసుకోదు. చప్పుడు చెయ్యకుండా వస్తుంది కాబట్టి గట్టు మీద బాతులు కూడా ఆఖరి నిమిషం దాకా లేవవు. నాన్న ఆటో అమ్మేసి దానికి డ్రైవరయ్యాడు. ఖాకీ చొక్కా కుట్టించుకున్నాడు. కాలువ నీళ్ళ మీద రంగులు పోయాయి. మా ఊరిని చూడటానికి ఎక్కడెక్కడినించో కాలేజీ పిల్లలు వచ్చి, బస్సు పక్కన నిలబడి ఫొటోలు దిగేవాళ్ళు.

బస్సులో ఒక్కటే బోర్డు ఉండేది. "నడవలో సామాను పెట్టరాదు."

*

నాకు పదహారేళ్ళు. ఊళ్ళో బడిలో పదో తరగతి అయ్యాక కొత్తరేవులో ఇంటర్లో చేరాను. అమ్మ రోజూ అదే బస్సులో ఆకుకూరల గంపతో బజారుకి వచ్చేది. అమ్మది తొమ్మిదో నంబరు సీటు. మధ్యలో, నడవ పక్కన. సరిగ్గా నిలబడేవాళ్ళంతా ఒత్తుకునే చోటు.

మావాళ్ళు బస్సెక్కితే ఎలా ఉంటారో మీకూ తెలిసే ఉంటుంది. కూచున్నవాళ్ళు నిలబడినవాళ్ళని చూస్తూ ఊరుకోలేరు. చెయ్యి చాపుతారు.

"అక్కా, పిల్లదాన్ని కాస్త," అనేది మా వీధి చివర ఉండే రజితక్క.

"ఇటియ్యి. ఏమే, మీ అమ్మ నీకు అన్నం పెడుతుందా, ఇసుక పోస్తుందా? ఇంత బరువున్నావు."

"మార్తక్కా, ఈ మూట పట్టుకో. బట్టలే," అనేవాడు మస్తాన్ బాబాయ్. ఆడవాళ్ళు నిలబడి ఉంటే ఆయన ఎప్పుడూ కూచునేవాడు కాదు.

"బట్టలైతే ఇస్త్రీపెట్టె ఎందుకు కుక్కావు ఇందులో?"

"అది బట్టలకేగా అక్కా."

నేను కూడా నిలబడేదాన్ని. నా పుస్తకాల సంచి కూడా అమ్మకే ఇచ్చేదాన్ని. అడిగేదాన్ని కాదు. అడక్కముందే అమ్మ చెయ్యి చాపేది.

నిలబడి నాకేం తోచదు కదా. అందరినీ చూసేదాన్ని, ఇంటికొచ్చి రాసేదాన్ని. నవ్వొచ్చేట్టు రాయాలని నా ఆశ. "ఫిబ్రవరి 11. అమ్మ ఒళ్ళో: గోంగూర గంప, రజితక్క కూతురు, మస్తాన్ బాబాయ్ మూట, నా సంచి, ఎవరిదో తెలియని కోడి. అమ్మ ముక్కు ఒక్కటే కనిపిస్తోంది. నాలుగో సీట్లో నాంచారమ్మ మామ్మ ఒళ్ళో: పాల క్యాను, ఇద్దరు పిల్లలు. క్యాను మీద ఒకడు, క్యాను కింద ఒకడు."

ఆ పేజీ రాసి నేను చాలాసేపు నవ్వుకున్నాను.

*

ఆ రోజు నర్సమ్మ వెళ్ళగానే మేం అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళింది వేడిబస్సులోనే. నాన్నే నడిపాడు. ఎక్కగానే అమ్మ అలవాటుగా తొమ్మిదో సీట్లో కూచుంది. రెండు దుప్పట్లు కప్పాం. బట్టల సంచి, ఫ్లాస్కు, అన్నం క్యారేజీ అమ్మ ఒళ్ళోనే పెట్టాం. నడవలో పెట్టకూడదు కదా. మధ్యలో ఎక్కిన రజితక్క జబ్బు సంగతి తెలియక పిల్లదాన్ని అందించింది. అమ్మ తీసుకుంది.

ఎత్తుగా ఉండే లాకుల వంతెన మీద బస్సు ఎక్కడా తడబడలేదు. "చూశావా, మీ అమ్మ కోసం ఎలా లాగుతోందో," అన్నాడు నాన్న అద్దంలోంచి నన్ను చూసి.

ఆసుపత్రిలో దించేసరికి అమ్మకి తొంభై ఒకటి. పెదాలు నేరేడు పండు రంగుకి తిరిగాయి. నా పేరు అడిగితే మా పిన్ని పేరు చెప్పింది.

"నీళ్ళలో పడ్డారా ఈవిడ?" అంది డాక్టరమ్మ.

"లేదండీ."

"మంచు ప్రాంతానికేమైనా వెళ్ళారా?"

"మా ఊళ్ళో మంచెక్కడిదండీ," అన్నాడు నాన్న. ఖాకీ చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది. "ఎండకి మేమే చస్తున్నాం."

డాక్టరమ్మ మాకేసి అనుమానంగా చూసింది. అమ్మ నవంబరు నించి పదకొండు కిలోలు తగ్గిందని రేషన్ డిపోలో తూకం వేయించుకున్నప్పటి లెక్క ఒకటి నాకు గుర్తుంది. అది చెప్పాలనుకున్నాను. అప్పటికే ఆవిడ వెళ్ళిపోయింది. వేడి చేసిన సెలైన్ పెట్టారు. అమ్మ వణకడం కూడా లేదు. వణికితే మంచిదట. ఒంట్లో వణికే శక్తి కూడా లేదని నర్సులు అనుకుంటుంటే విన్నాను.

మర్నాడు మధ్యాహ్నం సుభాషిణి మేడమ్ చూడటానికి వచ్చింది. అమ్మ తల నిమిరి, చెయ్యి చల్లగా ఉండటం చూసి వెనక్కి తీసుకుంది. కాసేపు కూచుని, వెళ్ళబోతూ వరండాలో నాన్నతో అంది.

"తొమ్మిదో సీటు సెన్సర్ మళ్ళీ పాడైనట్టుంది దావీదు గారూ. నిన్న కూడా పిచ్చి అంకెలు చూపించింది. ఇప్పటికి మూడు సెన్సర్లు మార్చాం."

"ఎంత చూపిస్తోందండీ?"

"ఒక్క మనిషి దగ్గర అయిదారుగురి వేడి. అలా వీలుకాదు కదా. మనిషి బతకడు."

మేడమ్ ఫోన్‌లో గీతలు చూపించింది. నేను నాన్న వెనక నిలబడి చూశాను. ముప్ఫై రెండు గీతలు. ఎక్కువ గీతలు గడ్డిలా కురచగా ఉన్నాయి. నాలుగు వాటికంటే పొడుగు. మధ్యలో ఒకటి మాత్రం కొబ్బరిచెట్టంత.

మేం థర్మామీటరు పాడైందనుకున్నాం. వీళ్ళు సెన్సర్ పాడైందనుకుంటున్నారు. నేను నోరు తెరిచాను. మేడమ్ ఫోన్ మూసి మెట్లు దిగిపోయింది.

*

మూడో రోజు పొద్దున్నే మా ఊరినించి గట్టు మీద రెండు కిలోమీటర్లు నడిచి గోదాముకి వెళ్ళాను. డైరీ చున్నీ కింద పెట్టుకున్నాను. చూపించకూడని పేజీలు కలిపి గుండుసూదులు గుచ్చేశాను.

మేడమ్ ఒక్కతే ఉంది. ఏం కావాలని అడిగింది. నేను ఫిబ్రవరి 11 పేజీ తెరిచి బల్ల మీద పెట్టాను.

చదువుతూ మొదట నవ్వింది. అమ్మ ముక్కు అన్నచోట. తర్వాత పాల క్యాను దగ్గర నవ్వు ఆగిపోయింది. లేచి కంప్యూటర్లో ఆ రోజు లెక్క తీసింది. తొమ్మిదో సీటు. నాలుగో సీటు.

"మార్చి 3 ఉందా?" అంది.

తీశాను. ఆ రోజు అమ్మ బజారుకి వెళ్ళలేదు. తొమ్మిదో సీట్లో బ్యాంకు గుమాస్తా ఒకాయన చేతులు కట్టుకుని కూచున్నాడు. గీత గడ్డిలా ఉంది.

"జనవరి 20?"

ఆ పేజీకి గుండుసూది ఉంది. తీశాను. అందులో మేడమ్ గురించే ఉంది. "ఆవిడ చీరలు బాగుంటాయి. మనుషులతో మాత్రం బ్లాక్‌బోర్డుతో మాట్లాడినట్టు మాట్లాడుతుంది." మేడమ్ అది చదివింది. కింద రాసిన గంపలూ పిల్లలూ లెక్కపెట్టింది. తర్వాత ఒక్కొక్కటిగా అన్ని సూదులూ నేనే తీసేశాను. నాన్న మీద రాసిన కోపాలు, నా సంగతులు, అన్నీ. వాటి మధ్యలో ఎక్కడో ఒకచోట ఎవరి ఒళ్ళో ఏముందో ఉండేది.

ఆరు సీట్లు బయటపడ్డాయి. ఆరింటిలోనూ రోజూ వెళ్ళే ఆడవాళ్ళే. ఆరుగురూ నడవ పక్కన కూచునేవాళ్ళే.

"ఈ నాలుగో సీటు మార్చి 19 తర్వాత మామూలు అయిపోయింది," అంది మేడమ్. "ఆవిడ మానేశారా?"

"నాంచారమ్మ మామ్మ," అన్నాను. "చనిపోయింది. నిద్రలో. పెద్దదైపోయింది కదా అన్నారు."

మేడమ్ చేతిలో పెన్ను బల్ల మీద పెట్టింది. అది దొర్లి కింద పడింది. ఇద్దరం తియ్యలేదు.

"ఆ తర్వాత వారం బస్సు వంతెన దగ్గర మొరాయించిందని మీ నాన్న చెప్పారు," అంది చివరికి. "నేను బేరింగులు మార్చాను. వారం తిరిగేసరికి మళ్ళీ బాగైంది."

నేను మార్చి 27 పేజీ చూపించాను. నాంచారమ్మ మామ్మ మోసే పిల్లలిద్దరూ ఆ రోజునించి అమ్మ ఒళ్ళోకి వచ్చారు.

మేడమ్ లేచి, మూల ఉన్న పాత కుర్చీ లాక్కొచ్చింది. మొదటిరోజు నాన్న కూచున్నదే. దాంట్లో కూచుంది. బల్బు వెలిగింది.

"ఆ ఇసుక సంచులు ఒక్కొక్కటి నా ఒళ్ళో పెట్టు."

ఒకటి పెట్టాను. బల్బు పెరిగింది. రెండోది పెట్టాను. మూడోది పెట్టాను. బల్బు మీదికి చూడలేకపోయాను. మేడమ్ ముంజేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. పది నిమిషాలయ్యాక పళ్ళు టకటక కొట్టుకోవడం మొదలైంది.

"ఇంకోటి," అంది.

నేను పెట్టలేదు. ఉన్న మూడూ తీసి కింద పడేశాను.

"నాలుగు వందలమందిని ఈ కుర్చీలో కూచోబెట్టాం," అంది మేడమ్ చేతులు రుద్దుకుంటూ. "అందరినీ సామాను బయట పెట్టి లోపలికి రమ్మన్నాం. గదిలో చోటు ఉండదని."

*

అమ్మ పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చింది. తొంభై అయిదు దగ్గర ఆగిపోయింది. ఇక ఇంతే ఉండొచ్చంది డాక్టరమ్మ. ఒంటికి వేడి పుట్టించుకోవడం చేతకాకుండా పోయిందట. ఎండాకాలం స్వెట్టరు కోసం కొత్తరేవు అంతా తిరిగితే ఒక్క షాపులో దొరికింది, అదీ మగవాళ్ళది. మిగతా నలుగురు ఆడవాళ్ళకీ పరీక్షలు చేశారు. ఎవరికీ తొంభై ఏడు దాటలేదు.

మే నెలలో ఒక ఆదివారం చర్చి అయ్యాక, పందిరి కింద ఊరంతా కూడింది. బస్సు అప్పటికి నెలరోజులుగా గోదాము ముందు ఆగిపోయి ఉంది. ఆటోలు మళ్ళీ వచ్చాయి.

మేడమ్ నిలబడి మాట్లాడింది. దాచకుండా అంతా చెప్పింది. నాంచారమ్మ మామ్మ పేరు చెప్పేటప్పుడు ఆమె కొడుకు వైపు తిరిగి చెప్పింది. నా డైరీ సంగతి కూడా చెబుతుందేమోనని నేను స్తంభం వెనక్కి వెళ్ళాను. "ఒకరు రాసి పెట్టారు" అని మాత్రం అంది.

"ఇప్పుడు ఒళ్ళో ఎంత బరువున్నా ఒక్కో మనిషి దగ్గర ఇంతే తీసుకునేట్టు మార్చాను," అంది. "నిన్న ముప్ఫై రెండు మందితో నడిపి చూశాం. చదును రోడ్డు మీద నడిచింది. లాకుల వంతెన ఎక్కలేదు. సగంలో ఆగి వెనక్కి జారింది."

మేడమ్ చేతిలో కాయితం విప్పింది.

"లెక్క చూశాను. ఇరవై ఆరుమంది ఇచ్చింది మొత్తం కలిపినా, ఆ ఆరుగురు ఇచ్చినదానికంటే తక్కువే. నేను చేసిన బస్సు మొదటిరోజు నించీ వంతెన ఎక్కే బస్సు కాదు. వాళ్ళు ఎక్కించారు."

అప్పుడు నాన్న గొంతు సవరించుకున్నాడు. ఖాకీ చొక్కాలోనే వచ్చాడు. ఆ నెలంతా అదే వేసుకుంటున్నాడు.

"మేడమ్, ఒక మాట. ఆ ఆడవాళ్ళంతా రోజూ కాకుండా, వారం మార్చి వారం పాత పద్ధతిలో కూచుంటే... మధ్యలో ఒంటికి విశ్రాంతి ఉంటుంది కదా. అప్పుడు ఎక్కుతుందాండీ, వంతెన?"

నేను విన్నది నిజమేనా అనుకున్నాను. ఈయన పన్నెండు రోజులు ఆసుపత్రి బల్ల మీద పడుకున్నాడు. అమ్మ పాదాలు రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దుతూ కూచున్నాడు. అదే మనిషి.

కానీ అంతకంటే ఘోరం తర్వాత జరిగింది. ఎవరూ నాన్నని తిట్టలేదు. పందిరి కింద ఉన్నవాళ్ళంతా మెల్లగా మేడమ్ వైపు తిరిగారు. రజితక్క తిరిగింది. మస్తాన్ బాబాయ్ తిరిగాడు. జవాబు కోసం.

నేనూ తిరిగాను. జూన్‌లో కాలేజీ తెరుస్తారు. ఒక్క క్షణం నేను కూడా ఎక్కుతుందని చెబితే బాగుండుననుకున్నాను. ఇది ఇంతవరకూ ఎక్కడా రాయలేదు. ఇక్కడే రాస్తున్నాను.

మేడమ్ నోరు తెరవకముందే అమ్మ మాట్లాడింది. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో, మగవాళ్ళ స్వెట్టరు వేసుకుని కూచుంది.

"ఎక్కుతుందిలే," అంది. "కాకపోతే మేం అయిదుగురమే ఉన్నాం. నాంచారమ్మ వంతు ఎవరు కూచుంటారో అది కూడా ఇప్పుడే తేల్చేయండి."

నాన్న తల దించుకున్నాడు.

"నువ్వడిగావని కాదయ్యా," అంది అమ్మ. గొంతు పెంచలేదు. "నీకు బండి తప్ప ఇంకోటి తెలీదు, నువ్వు అడుగుతావు. నువ్వు అడగ్గానే వీళ్ళంతా ఆవిడ మొహంలోకి చూశారు చూడు. అది చూశాక నాకు చలెక్కువైంది."

మస్తాన్ బాబాయ్ లేచాడు.

"ఆ సీట్లో నేను కూచుంటానక్కా. మూటలూ పిల్లలూ అన్నీ నాకే ఇవ్వండి. నూరు కిలోలున్నాను. తరగడానికి చాలా ఉంది."

"ఇప్పుడా సీటు ఎవరి దగ్గరా ఎక్కువ తీసుకోదు," అంది మేడమ్. "తీసుకోనివ్వను."

"మరి ఆటోలేనా ఇంక?" అన్నారెవరో వెనకనించి.

"ఆ వంతెన ఎంతుంటుంది?" అంది అమ్మ. "రెండొందల గజాలు. దిగి నడవండి. ఎవరి మూట వాళ్ళు ఎత్తుకుని నడిచి, అవతల మళ్ళీ ఎక్కండి. కాళ్ళు అరిగిపోతాయా?"

మేడమ్ వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది.

"దారిలో బ్యాటరీలో దాచుకున్నదానితో ఖాళీ బస్సయినా పైదాకా వెళ్ళదు," అంది. "కొంచెం చాలదు."

"చాలకపోతే తొయ్యండి," అంది అమ్మ. "ఇంతమంది ఉన్నారు."

*

జూన్‌లో మొదటి సోమవారం బస్సు మళ్ళీ బయల్దేరింది. తొమ్మిదో సీటు మీది నల్లగుడ్డ మేడమ్ తనే కత్తిరించి తీసేసింది. అక్కడ మామూలు రెగ్జిన్ వేశారు. డాక్టరమ్మ నడవొద్దంది కాబట్టి అమ్మ ఒక్కతే దిగక్కర్లేదని అనుకున్నారు. అమ్మ బజారుకి వెళ్ళడం లేదు. నెలనెలా చేసే పరీక్షకి వెళుతోంది.

దారిలో రజితక్క ఎక్కింది. సీటు లేదు. పిల్లది అమ్మని చూసి అలవాటుగా రెండు చేతులూ చాపి ముందుకు వంగింది. అమ్మ కూడా చేతులు చాపింది. రజితక్క పిల్లని చటుక్కున వెనక్కి లాక్కుంది.

"వద్దక్కా."

"ఈ సీటుకి ఆ గుడ్డ లేదే. ఏం కాదు, ఇటియ్యి."

"వద్దక్కా, నేను పట్టుకుంటాలే."

పిల్లది ఏడుపు మొదలుపెట్టింది. అమ్మ చేతులు ఒక్క క్షణం గాలిలోనే ఉండి కిందికి దిగాయి. తర్వాత నా సంచి వైపు చెయ్యి చాపింది. నేను సంచిని రెండో భుజానికి మార్చుకున్నాను. అలా ఎందుకు చేశానో నాకే తెలియదు. చేసేశాక అమ్మ మొహంలోకి చూడలేకపోయాను.

వంతెన మొదట్లో నాన్న బస్సు ఆపాడు. అందరం దిగాం. గంపలు నెత్తిన పెట్టుకున్నవాళ్ళు నడిచి ముందుకు వెళ్ళారు. మస్తాన్ బాబాయ్ తన మూట వంతెన మీద వెళుతున్న ఒక చేతిబండి మీద పడేసి, బస్సు వెనక్కి వచ్చి భుజం ఆనించాడు. మేడమ్ కొంగు నడుముకి చుట్టుకుని ఆయన పక్కన నిలబడింది. నేను మధ్యలో నిలబడ్డాను. రేకు అప్పటికే కాలుతోంది.

"తొయ్యండి," అన్నాడు నాన్న కిటికీలోంచి.

బస్సు కదిలింది. ఒక్కో అడుగే కదిలింది. తొయ్యడం ఇంత కష్టమని నాకు తెలియదు. రెండొందల గజాలకే నాకు ఊపిరి అందలేదు. వెనక అద్దం సరిగ్గా నా మొహం ఎత్తున ఉంది. లోపల ముప్ఫై ఒక్క సీట్లు ఖాళీ. మధ్యలో స్వెట్టరు వేసుకుని అమ్మ.

అమ్మ మా వైపు తిరగలేదు. మొదట చేతులు ముందు సీటు కమ్మీ మీద పెట్టింది. తీసేసింది. మోకాళ్ళ మీద పెట్టింది. అక్కడా నిలవలేదు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు వాటినే చూసుకుంది.

తర్వాత తన కొంగుని ఉండగా చుట్టి ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుంది. వంతెన దిగేదాకా వదల్లేదు.